ఏసురత్నం మాత్రకు పడిన కోత

ఆ బుధవారం ఏసురత్నం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోవడం, గుండె డాక్టరుకు ఒకసారి చూపించుకోవడం, తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే మాలూరు నుంచి బంగారపేట దాకా ఓ కునుకు తీయడం. భార్య క్లారా ఆరు చపాతీలు, బంగాళదుంప పల్యం కట్టిచ్చింది. ఇందులో చెడిపోవడానికి ఏముంటుంది? చపాతీలైతే చెడిపోలేదు.

తోడుగా పక్కింటి జయరాం వచ్చాడు. ఇద్దరిదీ చాంపియన్ గని దగ్గర కార్మికుల ఇళ్ళలో ఒకే లైను, మధ్యలో ఒకే గోడ. బంగారు గనులు నడిచిన రోజుల్లో ఏసురత్నం వైండింగ్ ఇంజన్ డ్రైవరు; మనుషులను బోనులో షాఫ్టు అనే నిలువు గోతిలోకి దించి, మళ్ళీ పైకి లాగే యంత్రం అతని చేతిలో ఉండేది. జయరాం కింద టింబర్ గ్యాంగు మనిషి. రాయి కూలకుండా సొరంగానికి దుంగలు, సెట్లనే ఇనుప చట్రాలు ఆనించడం వాళ్ళ పని. పద్నాలుగేళ్ళపాటు జయరాంను లోపలికి దించి, షిఫ్టు కాగానే పైకి తెచ్చినవాడు ఏసురత్నమే. ఇప్పుడు ఇద్దరి గుండెలకూ మూడు నెలల కిందట, ఒకే వారంలో, ఒకే ఆసుపత్రిలో స్టెంట్లు పడ్డాయి. ఏసురత్నం ఆయాసమని చెప్పి తన కాళ్ళ మీద నడిచివెళ్ళి వేయించుకున్నాడు. జయరాంను గుండెపోటుతో అంబులెన్సులో తీసుకుపోయారు. అప్పట్నుంచీ ఇద్దరికీ రోజూ టిఫిను తిన్నాక ఒక తెల్ల మాత్ర, ఒక గులాబీ మాత్ర. రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవే.

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక గల మనిషి. ఏసురత్నం రక్తపరీక్ష కాగితం చూసింది. మోచేతుల మీద కమిలిన మచ్చలు చూసింది. పళ్ళు తోమితే రక్తం వస్తుందా అని కన్నడంలో అడిగింది. వస్తుందన్నాడు. చీటీలో గులాబీ మాత్ర పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, రేపట్నుంచి ఇది వద్దు, తెల్లది ఒక్కటే వేసుకోండి అంది. ఏమైనా అడగాలా అని కూడా అడిగింది.

అడగాలి. ఎవరైనా అడుగుతారు. కానీ ఏసురత్నం ఇరవై రెండేళ్ళు ఇంజను గదిలో కూర్చున్నవాడు. కింద నుంచి గంట మోగితే ఎన్నిసార్లు మోగిందో విని, దాని ప్రకారం బోను కదిలించడమే డ్రైవరు పని. ఎందుకు మోగించావని ఎదురడిగిన డ్రైవరు ఆ గనుల చరిత్రలోనే లేడు. డాక్టరమ్మ గీత కూడా అతనికి గంట మోగినట్టే వినిపించింది. "సరి మేడం" అని లేచి వచ్చేశాడు. జయరాం వంతు వచ్చినప్పుడు, రెండు మాత్రలూ ఇంకో తొమ్మిది నెలలు, ఒక్క రోజు కూడా తప్పకూడదు అని ఆమె గట్టిగా చెప్పింది. జయరాం కూడా తలూపాడు.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది గానీ నిద్ర రాలేదు. వైట్‌ఫీల్డు దాటాక ఏసురత్నం చీటీ తీశాడు.

"నీకు రెండూ ఉండాయా జయరామా?"

"ఉండాయి. ఏడాది నిండేదాకా అన్నాది డాక్టరమ్మ. నీకు?"

"నాకు ఒగటి కొట్టేసినాది."

"ఏమిటికి?"

"చెప్పలేదు."

"నువ్వు అడిగినావా?"

"లేదు."

మాలూరు వచ్చింది, ఇటికల బట్టీల పొగ వచ్చింది, ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు ఎక్కారు. ఏసురత్నం మాత్రం ఆ గీతనే చూస్తూ కూర్చున్నాడు. గనిలో ఏ షాఫ్టు మూసేముందూ ఎవరూ వచ్చి మూస్తున్నామని చెప్పలేదు. మొదట కొత్త దుంగలు రావడం ఆగింది. తర్వాత పాత పంపు చెడిపోతే బాగుచేసేవాడు రాలేదు. అడిగితే, అవసరం లేదులే అన్నారు. ఆ మాట ఎప్పుడొస్తుందో, దాని తర్వాత ఏమొస్తుందో ఏసురత్నానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు తన గుండెకు కూడా సరఫరా ఆగింది.

"నా షాఫ్టు మూసేస్తా ఉండారు జయరామా" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. ఆర్డరు చదివి వినిపించినట్టు చెప్పాడు.

జయరాంకు ఒళ్ళు మండింది. డాక్టరమ్మ మీద కాదు, ఈ అన్యాయం మీద. ఒకే వారం, ఒకే వార్డు, పక్క పక్క మంచాలు. ఒకడికి రెండు మాత్రలు, ఒకడికి ఒకటా? కింద గ్యాంగులో అన్నం క్యారియర్లు తెరిస్తే ఎవడి కూర వాడు తినేవాడు కాదు. క్యారియరు తెచ్చుకోనివాడికి కూడా వంతు వచ్చేది.

"గమ్మునుండన్నా. నా గులాబీ మాత్ర ఉండాది కదా. ఒగనాడు నువ్వు, ఒగనాడు నేను. రేపు నీ వంతు."

"వద్దప్పా."

"వద్దంటే యాడ పోతావు? నేను మింగి నిన్ను చూస్తా కూర్చోవల్లనా?"

ఏసురత్నం రెండోసారి కూడా వద్దన్నాడు. కోరమాండల్ స్టేషన్లో మూడోసారి అనలేకపోయాడు. చావంటే భయం లేదని ఆయన చెప్పుకునేవాడు గానీ, ఆ పూట భయం బాగానే ఉండింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. జయరాం గుండెలోని స్టెంట్లకు ఆ గులాబీ మాత్రే కాపలా. అది తప్పితే లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. మూసుకుపోతే మళ్ళీ అంబులెన్సు వచ్చేదాకా మనిషి ఉంటాడన్న నమ్మకం లేదు. అంటే చస్తానని బెంగపడుతున్నవాడికి ఏ ఢోకా లేదు. ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నవాడేమో, పుణ్యం చేశానని ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

గురువారం నుంచి వంతులు మొదలయ్యాయి. జయరాం మాత్రల అట్ట జేబులో పెట్టుకుని వరండాలోకి వస్తాడు, గోడ మీదుగా ఒక మాత్ర దాటిస్తాడు. అతని భార్య రత్న వంటింట్లో ఉంటుంది కాబట్టి మొగుడు మాత్రలు వేసుకుంటున్నాడనే అనుకుంది. క్లారాకు అసలు కోత సంగతే తెలియదు. ఏసురత్నం ఆమెతో డాక్టరమ్మ అంతా బాగుందన్నదని చెప్పాడు. అది నూటికి నూరుపాళ్ళు నిజమని ఆయనకు తెలియదు.

తెలియకనే ఏర్పాట్లు మొదలుపెట్టాడు. గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు ఎలా మార్చాలో క్లారాకు రెండుసార్లు చేసి చూపించాడు. పెన్షన్ కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో చెప్పాడు. తిన్న కంచం తానే కడిగాడు. శుక్రవారం మధ్యాహ్నం చారన్నం తింటూ, "నీ చేతి చారు మాదిరి ఇంగ యాడా ఉండదు క్లారా" అన్నాడు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన చారు గురించి ఎత్తిన మొదటి మాట అది.

క్లారా గరిటె కింద పెట్టింది. "ఏమి చేసినావయ్యా? నిజం చెప్పు."

"ఏమీ చెయ్యలేదు."

"ఏమీ చెయ్యకుండా ఎవురైనా కంచం కడుగుతారా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు క్లారాను మరీ భయపెట్టింది. ఎక్కడో సంతకం పెట్టి వచ్చాడని నిర్ణయించుకుని, పెన్షన్ కాగితాలున్న పెట్టెకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది.

శనివారం ఏసురత్నం చర్చి సెక్రటరీ ఆస్టిన్ దగ్గరికి వెళ్ళాడు. మాత్ర కొట్టేసిన సంగతి చెప్పి, సమాధుల తోటలో తన నాయన పక్కన ఖాళీ ఉందా అని నెమ్మదిగా అడిగాడు. ఆస్టిన్ మంచివాడు, అతని లోపమల్లా రహస్యం చెబితే దాన్ని మోయలేక ప్రార్థనలో దింపేయడమే. ఆదివారం ఆరాధనలో "డాక్టర్లు చేతులెత్తేసిన ఒక సహోదరుని కొరకు" అని ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టగానే, సభలో సగంమంది కళ్ళు తెరిచి ఏసురత్నం వైపు తిరిగారు. క్లారా మోకాలి నొప్పి అని ఆ ఆదివారం చర్చికి రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఆమె ఇంటికి పదకొండుమంది వచ్చారు. బ్రెడ్డు తెచ్చారు, హార్లిక్సు తెచ్చారు, ఒకావిడ అరటిపళ్ళ గెల సగం కోయించి తెచ్చింది. అందరూ క్లారా చేతులు పట్టుకుని, ధైర్యంగా ఉండమ్మా, దేవుడి చిత్తం అంటారు. మోకాలి నొప్పికి ఇంత ప్రేమా అని క్లారాకు కళ్ళు చెమర్చాయి. "పరవాలేదమ్మా, నూనె రాస్తే ఎల్లుండికంతా పోతుంది" అంది. ఆమె గుండె దిటవు చూసి వచ్చినవాళ్ళు ఇంకా ఏడ్చారు. క్లారా పదకొండుమందికీ టీ పెట్టింది.

సాయంత్రం ఆస్టిన్ ఏసురత్నాన్ని పక్కకు పిలిచాడు. మా ఊళ్ళో మనిషి పోతే వీధి మూలమీద శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టడం తప్పదు. ఆ ఫ్లెక్సీకి మంచి ఫోటో కావాలి. లేకపోతే ఇంటివాళ్ళు ఆ గలాటాలో ఆధార్ కార్డు ఫోటోనే ఇచ్చేస్తారు. ఏసురత్నం ఆధార్ ఫోటోలో ఆయన పోలీసులకు అప్పుడే దొరికినవాడిలా ఉంటాడు. పోయినేడాది దొడ్డమునియప్పకు అదే గతి పట్టింది. వారం రోజులు ఆ మొహం చూసి ఊరంతా భయపడింది.

"రేపు పొద్దున వస్తాను అన్నా. నా ఫోన్లో బాగా పడుతుంది" అన్నాడు ఆస్టిన్.

అలా సోమవారం పొద్దున ఏసురత్నం తెల్లచొక్కా వేసుకుని, వరండాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకోవడానికి కూర్చున్నాడు. ఆ రోజు గులాబీ మాత్ర ఆయన వంతు, అప్పటికే మింగేశాడు. జయరాం దువ్వెన పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆస్టిన్ ఫోన్ తుడుస్తున్నాడు. చుబుకం కింద బ్లేడు కొంచెం జారింది. ఆవగింజంత గాటు.

మామూలు మనిషికైతే వేలు పెడితే ఆగేది. ఏసురత్నానికి ఆగలేదు. దూది పెట్టారు, పటిక రాశారు, ఆస్టిన్ తన రుమాలు ఇచ్చి మొహం తిప్పుకున్నాడు. తెల్లచొక్కా కాలరు ఎర్రబడింది. ఆ సందడికి క్లారా బయటికి వచ్చింది.

"ఏమి జరుగుతా ఉండాది నా ఇంట్లో? ఈ ఫోన్ ఏమిటికి?"

"ఫోటో కోసరం అమ్మా" అన్నాడు ఆస్టిన్.

"ఏమి ఫోటో?"

"ఫ్లెక్సీకి."

"ఎవురి ఫ్లెక్సీకి?"

ఆస్టిన్ నోరు తెరిచి ఏసురత్నం వైపు చూశాడు. ఏసురత్నం నేల వైపు చూశాడు. క్లారాకు ఒక్కసారిగా బ్రెడ్డు, హార్లిక్సు, అరటిపళ్ళు, చారు, కంచం అన్నీ కళ్ళముందు తిరిగాయి. మెట్టు మీద కూలబడిపోయింది. "అయ్యో దేవుడా, నాకు చెప్పకుండానే పోవల్లనుకున్నావా" అని ఆమె పెట్టిన ఏడుపుకు గోడ అవతల నుంచి రత్న పరిగెత్తుకు వచ్చింది.

ఆస్టిన్ కూతురు ప్రిన్సీ రాబర్ట్‌సన్‌పేటలో ఒక క్లినిక్కులో నర్సు. నాన్న ఫోన్ చేయగానే పది నిమిషాల్లో స్కూటరు మీద వచ్చింది. గాటు మీద గుడ్డ మడిచి గట్టిగా నొక్కిపట్టింది. చాలాసేపటికి రక్తం ఆగింది. అప్పుడు డాక్టరమ్మ చీటీ అడిగి చూసింది.

"గులాబీ మాత్ర నిలిపేసినారు కదా మామా. ఇంగ ఇంత రక్తం ఎట్ల వస్తుంది? వేస్తా ఉండావా?"

"వేస్తా ఉండాను. దినం విడిచి దినం."

"యాడిది?"

ఏసురత్నం జయరాంను చూపించాడు. జయరాం కొంచెం గర్వంగానే ముందుకు వచ్చాడు. ప్రిన్సీ చీటీ పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"మల్ల నువ్వు ఏమి వేస్తా ఉండావు మామా?"

"నేనా? ఇయ్యాల నా వంతు కాదమ్మా" అన్నాడు జయరాం.

ఆ పిల్ల దిగ్గున లేచింది. "రత్నత్తా, నీళ్ళు తే. తిన్నాడా? ఇప్పుడే, నా ముందరే మింగవల్ల" అని అట్ట లాక్కుని మాత్ర చేతిలో పెట్టింది. ఛాతీలో నొప్పుందా, చెమటలు పట్టాయా, ఎడమ చెయ్యి లాగుతోందా అని వరసగా అడిగింది. ఏమీ లేదని జయరాం అంటున్నా వినకుండా ఆటో పిలిపించి క్లినిక్కుకు ఎక్కించింది. వెనకాల ఇంకో ఆటోలో క్లారా, రత్న, ఆస్టిన్, మెడకు గుడ్డ చుట్టుకున్న ఏసురత్నం.

ఈసీజీ తీస్తున్నంతసేపూ ఏసురత్నం బయట బెంచీ మీద కూర్చున్నాడు. దారిలో ప్రిన్సీ చెప్పిన రెండు మాటలతోనే ఆయనకు విషయం ఎక్కింది. ఇంతకాలం తనకు వేసిన చావు భయం అంతా ఒక ఎత్తు, ఇప్పుడు పట్టుకున్న వణుకు ఒక ఎత్తు. పద్నాలుగేళ్ళు ఆ మనిషిని ఒక్కరోజు కూడా కింద వదిలేయలేదు. ఇప్పుడు ఒక మాత్ర కోసం తానే తాడు కోయబోయాడు. "వాడికేమన్నా అయితే నేను బతికేది ఏమిటికి రత్నమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. రత్నకు ఆయన్ని కొట్టాలనీ ఉంది, ఓదార్చాలనీ ఉంది. ఏదీ చేయలేక నీళ్ళసీసా చేతికిచ్చింది.

ఈసీజీ బాగుంది. ప్రిన్సీ ఆ కాగితం ఫోన్లో బెంగళూరు డాక్టరమ్మకు పంపి, ఆమెతో మాట్లాడింది. అవతల నుంచి వచ్చిన తిట్లు గదిలో అందరికీ వినిపించాయి. ఇద్దరికీ సమానంగానే వచ్చాయి. మళ్ళీ ఇలా జరిగితే ఇద్దరినీ ఒకే రోజు పిలవను అని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

అప్పుడు ప్రిన్సీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె తాత కూడా గనిలో పనిచేసినవాడే.

"జయరాం మామా, నువ్వు టింబర్ గ్యాంగు కదా, నీకు తెలిసే భాషలో చెప్తా విను. స్టెంటంటే గుండె నరంలో నిలబెట్టిన ఇనుప సెట్టు. రాయి సర్దుకొనేదాకా గ్యాంగు ఆడ్నుంచి కదలకూడదు కదా? ఆ గులాబీ మాత్రే గ్యాంగు. ఏసు మామది గట్టి నేల, ఒగ చిన్న సెట్టు. దాని మీద ఆయప్ప రక్తం ఊరికే కారిపోతా ఉండాది. ఇంగా మాత్ర వేస్తే కడుపులో కూడా కారుతుంది. మూడు నెల్లకే సర్దుకొన్నాదని గ్యాంగును పైకి పంపించేసినారు. నీది అట్ల కాదు. కూలిన చోటు, పొడుగు సెట్లు రెండు, మీద షుగరు. నీకు ఏడాది కావల్ల. ఎవురికి ఎన్ని నెల్లు అనేది మనిషిని చూసి కుట్టే చొక్కా మాదిరి. నీ చొక్కా ఆయప్ప తొడుక్కుంటే ఎట్ల?"

జయరాం వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. "అయితే ఏసన్నకు ఆపింది..."

"బాగుండాడని ఆపినారు."

"నాకు పొడిగించింది బాగలేదనా?"

"ఇంగా బాగు కావల్లని."

ఏసురత్నం మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. గత అయిదు రోజుల్లో ఆయన వీపు అంత నిటారుగా ఉండింది అదే మొదటిసారి. క్లారా అది గమనించింది. చావును పక్కన పెట్టుకుని తనకు చెప్పనివాడిని ఏం చేయాలో ఆమె ఇంటికి పోయేదాకా ఆలోచించి, ఆ రాత్రి చారు పెట్టలేదు.

మర్నాటి నుంచి ఏసురత్నం మారిపోయాడు. పొద్దున ఆరున్నరకు జయరాం వరండాలో ప్రత్యక్షం. మాత్ర తిన్నాక వేసుకోవాలి కదా, కాబట్టి తినడం దగ్గర్నుంచే కాపలా. జయరాం ఒక్కడే తింటే బాగుండదని రత్న ఆయనకూ ఒక దోసె వేసేది. మాత్ర మింగగానే "నోరు తెరువు" అనేవాడు. తెరిస్తే, "నాలుక ఎత్తు" అనేవాడు. అది కడుపులో కరిగిందో లేదో చూడాలని ఇంకో గంట కూర్చునేవాడు. ఊరికే కూర్చుంటే ఏం బాగుంటుందని కాఫీ తాగేవాడు. ఆదివారం చర్చికి పోయేముందు కూడా వచ్చేవాడు. జయరాం బైరకూరులో చెల్లెలింటికి రెండు రోజులు పోతే, బస్సెక్కి అక్కడికీ వెళ్ళాడు.

"నేనేమన్నా పసిబిడ్డనా అన్నా?" అని జయరాం ఒకసారి విసుక్కున్నాడు.

"ఒగసారి చేసినాను తప్పు. ఇంగ చెయ్యను" అన్నాడు ఏసురత్నం. జయరాం దోసె పళ్ళెం ఆయన వైపు జరిపాడు. నిజానికి గోడ అవతల చెప్పుల చప్పుడు వినపడకపోతే అతనికే దోసె సహించేది కాదు.

మూడు నెలలు గడిచాయి. తర్వాతి చెకప్పుకు రత్న కూడా బెంగళూరు వచ్చింది. మగవాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక ఆమె డాక్టరమ్మ ముందు కూర్చుని గొంతు తగ్గించింది.

"మేడం, ఆరు నెల్లు అయినాయి కదా. ఆ గులాబీ మాత్ర మా ఆయనకీ ఇప్పుడే నిలిపేకి అవదా?"

డాక్టరమ్మ జాగ్రత్తగా అడిగింది: "ఎందుకమ్మా? రక్తం పోతోందా? కడుపులో మంటా? మచ్చలు పడుతున్నాయా?"

"అవేమీ లేవు. మాత్ర వేసేదానికి ఏసన్న వస్తా ఉండాడు."

డాక్టరమ్మ చీటీ మీద ఇంకో ఆరు నెలలు అని రాసి చేతికిచ్చింది. మాత్ర ఎవరికెన్నాళ్ళో తేల్చడానికి డాక్టర్లు వయసు చూస్తారు, షుగరు చూస్తారు, రక్తం చూస్తారు, స్టెంటు పొడవు కూడా చూస్తారు. పక్కింట్లో ఎవరుంటున్నారో అడిగే అలవాటు వాళ్ళకింకా రాలేదు.